హాస్యజ్యోతి చిలకమర్తి

నవ్వు నాలుగు విధాల చేటని తెలుగులో ఒక సామెత ఉంది. వేళ కాని వేళ నవ్వితే కలిగే అనర్థాన్ని చూచి పెద్దలు చేసిన హెచ్చరిక అది. అయితే ఆ పెద్దలే నవరసాలను లెక్కించేటప్పుడు శృంగారం వెంటనే హాస్యానికి స్థానమిచ్చారు. భరతముని తన నాట్యశాస్త్రంలో స్మితం, హసితం మొదలుకొని అతిహసితం వరకు నవ్వును ఆరు విధాలుగా విభజించాడు. తాను నవ్వడం ఆత్మస్థమనీ, పరులను నవ్వించడం పరస్థమనీ మరొక విభాగం కూడా చేశాడు. కనుక నవ్వు చేటు కాదు. దానిని ఎందుకు, ఎవరి మీద, ఎంత మేరకు ప్రయోగించాలో తెలియకపోవడమే చేటు. ఈ వివేకాన్ని తన జీవితంతోను, రచనలతోను నిరూపించిన తెలుగు రచయితలలో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు అగ్రగణ్యులు. కవిగా, నాటకకర్తగా, నవలాకారుడుగా, పత్రికాసంపాదకుడుగా, సంఘసేవకుడుగా ఆయన చేసిన కృషి బహుముఖమైనది. ఆ కృషిలో అధికభాగం కంటిచూపు కరవైన స్థితిలో జరిగిందన్నది మరువరాని విషయం.

లక్ష్మీనరసింహంగారు 1867 సెప్టెంబరు 26వ తేదీన పశ్చిమగోదావరి ప్రాంతంలోని ఖండవల్లి గ్రామంలో జన్మించారు. బాల్యం వీరవాసరంలో గడిచింది. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి పదిహేనేళ్లు. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1852 నాటికి నిర్మాణం పూర్తిచేసుకొన్న ఆ ఆనకట్ట వల్ల గోదావరి మండలం ముఖమే మారిపోయింది. అంతకుముందు వాన కురిస్తే వరదలు, కురవకపోతే కరవు. కాలువలు వచ్చిన తరువాత ఆకాశం వైపు చూచి దినాలు లెక్కించే అవస్థ చాలావరకు తప్పింది. 1876 - 78 నడుమ దక్షిణభారతాన్ని దహించివేసిన మహాక్షామం, ప్రజలు ధాత కరవని పిలుచుకొన్నది, ఆయన పదేళ్ల బాలుడుగా ఉన్నప్పుడే వచ్చింది. రాయలసీమలో జనం తిండి లేక నేలకూలుతున్న ఆ కాలంలో డెల్టా పొలాలు కాలువనీటితో పండాయి. ఆ కాలువలే పంటలకు ప్రాణం పోశాయి, ప్రయాణాలకు బాటలూ అయ్యాయి. ఊరినుండి ఊరికి పడవ మీద పోవడం నాటి జీవితంలో నిత్యవ్యవహారం. పడవ ప్రయాణాలు, అగ్రహారాల ముచ్చట్లు, పెళ్లిళ్లు, సంతర్పణలు, వీధిబడులు, వాదోపవాదాలు - ఈ వాతావరణమంతా బాలుని మనసులో ముద్రపడింది. చూపు తగ్గిన తరువాత ఆయన రచనలకు పెట్టుబడి అయినది ఈ జ్ఞాపకమే.

ఆయనకు చిన్ననాటినుండి రేచీకటి ఉండేది. సూర్యాస్తమయం అయితే లోకం కనిపించదు. దీపం ముందు కూర్చుని చదువుకోవలసిన విద్యార్థికి ఇంతకంటె పెద్ద అవరోధం ఏముంటుంది? పగటిచూపు కూడా అంతంతమాత్రమే. తోటి విద్యార్థులు పైకి చదువుతూ ఉంటే ఆయన వింటూ ఉండేవారు. విన్నదానిని మనసులో నిలుపుకోవడం అలవాటు చేసుకొన్నారు. మన పూర్వుల విద్యాభ్యాసం ప్రధానంగా శ్రవణం మీదనే ఆధారపడి సాగింది; వేదానికి శ్రుతి అనే పేరు వచ్చింది అందువల్లనే. పూర్వులకు సంప్రదాయమైనది లక్ష్మీనరసింహంగారికి అవసరమైంది. నరసాపురంలోను, తరువాత రాజమండ్రిలోను ఆంగ్లపాఠశాలల్లో ఆయన చదువు సాగింది. ప్రవేశపరీక్షతోనే అది ఆగిపోయింది. కళాశాల గడప తొక్కి పట్టా పుచ్చుకొనే భాగ్యం కలుగలేదు. ఉద్యోగం కోసం తెలుగు బోధించే పాఠశాలా పండితులయ్యారు.

రాజమండ్రి ఆనాడు తెలుగుదేశానికి సంస్కరణోద్యమ రాజధాని. 1874లో వివేకవర్ధనిని స్థాపించిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించింది అక్కడే. నాటకరంగానికి కూడా ఆ పట్టణం పుట్టినిల్లయింది. ధార్వాడ నాటకసమాజం 1880లో వచ్చి ప్రదర్శనలిచ్చి వెళ్లిన తరువాత తెలుగువారిలో నాటకాభిలాష రేకెత్తింది. అటువంటి సమయంలో ఇమ్మానేని హనుమంతరావునాయుడుగారు ఒక నాటకసమాజం నెలకొల్పి, లక్ష్మీనరసింహంగారిని నాటకాలు రచించవలసిందిగా కోరారు. 1889లో కీచకవధతో ఆయన నాటకరచన మొదలైంది. అప్పటికి ఆయన వయసు ఇరవైరెండేళ్లు. ద్రౌపదీపరిణయం, శ్రీరామజననం, పారిజాతాపహరణం, నలచరిత్రం, సీతాకల్యాణం వరుసగా వెలువడ్డాయి. అన్నింటిలోను గయోపాఖ్యానానికి వచ్చిన కీర్తి అసాధారణమైనది.

ఆ నాటకంలోని కథ స్వల్పం. గయుడనే గంధర్వుడు ఆకాశమార్గాన పోతూ ఉమిసిన తాంబూలం అర్ఘ్యమిస్తున్న శ్రీకృష్ణుని దోసిట్లో పడింది. అపచారం చేసినవానిని సంహరిస్తానని కృష్ణుడు ప్రతిజ్ఞ చేశాడు. గయుడు విషయం దాచి అర్జునుని శరణు వేడాడు. అభయమిచ్చిన పిదప అసలు సంగతి తెలిసినా అర్జునుడు మాట తప్పలేదు. బావామరదులు, ప్రాణమిత్రులు ఒకరికొకరు ఎదురుగా నిలిచారు. ప్రతిజ్ఞకు, స్నేహానికి, శరణాగతరక్షణకు మధ్య ఏర్పడిన ఈ సంఘర్షణను లక్ష్మీనరసింహంగారు సరళమైన పద్యాలతో, వాడిగల సంభాషణలతో నడిపించారు. పండితుడు మెచ్చుకొన్నాడు, పామరుడు పద్యాన్ని కంఠస్థం చేశాడు. తరువాతి కాలంలో ఆంధ్రకేసరిగా ప్రసిద్ధి చెందిన టంగుటూరి ప్రకాశం బాల్యంలో హనుమంతరావునాయుడుగారి సమాజంలో ఈ నాటకాలలో వేషాలు వేసి మన్నన పొందారు. ఈ పుస్తకం లక్షకు పైగా ప్రతులు అమ్ముడుపోయినట్లు ప్రసిద్ధి. అక్షరాస్యులు బహుస్వల్పంగా ఉన్న కాలంలో ఇది సామాన్యమైన ఆదరణ కాదు.

నవల తెలుగులో అప్పుడప్పుడే తల ఎత్తుతున్న ప్రక్రియ. దానిని ప్రోత్సహించడానికి చింతామణి పత్రిక పోటీలు నడిపింది. వీరేశలింగం పంతులుగారు ఆ పత్రికకు సంపాదకులు, న్యాయపతి సుబ్బారావు పంతులుగారు పోషకులు. ఆ పోటీలో లక్ష్మీనరసింహంగారి రామచంద్రవిజయానికి 1894లో బహుమతి లభించింది. డెల్టా గ్రామాలలోని బ్రాహ్మణ కుటుంబాల జీవితం, ఆంగ్లవిద్య కోసం యువకులు పడే పాట్లు అందులో చిత్రితమయ్యాయి. హేమలత, హోల్కరు రాణి చరిత్రను తెలిపే అహల్యాబాయి దాని వెంబడి వచ్చి పాఠకుల ఆదరం పొందాయి. టాడ్ దొర సేకరించిన రాజపుత్ర గాథలను ఆధారం చేసికొని రచించిన రాజస్థాన కథావళి ఇంటింటా చదివిన గ్రంథమైంది. చరిత్రను కథగా మలచిన నేర్పును గుర్తించి ప్రజలు ఆయనను ఆంధ్రస్కాట్ అన్నారు. చూపు కోల్పోయి కావ్యరచన సాగించిన ఆంగ్లకవిని తలచుకొని ఆంధ్రమిల్టన్ అనీ పిలిచారు. ఈ బిరుదులలో రెండవది గౌరవంతో పాటు ఒక కఠినసత్యాన్ని కూడా తెలుపుతుంది. వయసు పెరిగేకొద్దీ ఆయనకున్న కొద్దిపాటి చూపు కూడా క్రమంగా క్షీణించింది. చివరకు పగలు రాత్రి అన్న భేదం పోయింది.

అప్పటినుండి ఆయన రచనావిధానం మారిపోయింది. ఆయన చెప్పడం, మరొకరు వ్రాయడం. చూచి వ్రాసుకొనేవాడు వెనుకపుట తిప్పి పొరపాటు దిద్దుకోగలడు. చెప్పి వ్రాయించేవాడికి ఆ సౌకర్యం ఉండదు. కథలోని పాత్రలు, వాటి మాటలు, సన్నివేశాల క్రమం అన్నీ తలలోనే అమర్చుకోవాలి. వాక్యం నోటినుండి వెలువడేసరికే పరిష్కృతమై ఉండాలి. లక్ష్మీనరసింహంగారి వచనం చెవికి ఇంపుగా, ముడులు లేకుండా, ఎదుటివానితో మాట్లాడుతున్నట్లు సాగడానికి ఇదికూడా ఒక కారణం. గ్రాంథికభాషలో వ్రాసినా ఆ భాష పాఠకుణ్ణి భయపెట్టదు. దుఃఖాన్ని సానుభూతి కోసం ప్రదర్శించడం ఆయన స్వభావంలో లేదు. కన్నులు లేవన్న నిట్టూర్పుకు బదులు ఆయన ఇంటినుండి నవ్వులే బయలుదేరాయి.

ఆ నవ్వుకు నిత్యజీవితంలోని ప్రతి వస్తువూ తగినదే. పకోడీ మీద ఆయన చెప్పిన పద్యాలు తెలుగునాట వినోదంగా చెప్పుకొనేవారు నేటికీ ఉన్నారు. దేవతలకు, రాజులకు మాత్రమే తగినదనుకొన్న పద్యఛందస్సులో నూనెలో వేగే పిండివంటను స్తుతించడమే ఒక చమత్కారం. పెద్ద ఛందస్సుకు చిన్నవస్తువును జోడించినప్పుడు పుట్టే ఈ హాస్యం మన చాటుకవులకు పరిచితమైనదే. ఆయన దానిని పట్టణపు వీధిలోని చిరుతిండి వరకు తీసుకొని వచ్చారు. మూఢవిశ్వాసాలు, కన్యాశుల్కం, బాల్యవివాహాలు, కపటసన్యాసులు, ఆంగ్లవేషం వేసి మాతృభాషను ఈసడించేవారు, దేవుని పేరుతో పొట్ట నింపుకొనేవారు - వీరందరూ ఆయన ప్రహసనాలలో పాత్రలయ్యారు. వీరేశలింగం పంతులుగారి ప్రహసనాలలో సంస్కర్త ఆగ్రహం ప్రధానం. లక్ష్మీనరసింహంగారి ప్రహసనాలలో దోషి కూడా తనను చూచుకొని నవ్వుకోగల చనువు ఉంటుంది. మార్గాలు వేరైనా ఇద్దరి గమ్యం ఒకటే.

ఆయన హాస్యానికి శిఖరంగా విమర్శకులు గణపతి నవలను పేర్కొంటారు. ఇది 1920లో వెలువడింది. ఒకే కుటుంబంలోని మూడు తరాల కథ. నాయకుడు గణపతికి చదువు రాదు, కష్టపడే బుద్ధి లేదు, కాని తనంతటి ఘనుడు లేడన్న నమ్మకం మాత్రం పుష్కలం. చివరకు అతడు వీధిబడి పంతులై కూర్చుంటాడు. పిల్లలకు చదువు చెప్పడం కంటె కునుకు తీయడంలోనే అతనికి ఆసక్తి. పాఠకుడు పుటపుటకు నవ్వుతాడు. నవ్వుతున్నకొద్దీ ఆ నవ్వు వెనుక ఉన్న దైన్యం కూడా కనిపిస్తుంది. వంశగౌరవం తప్ప మరొక ఆస్తి లేని కుటుంబాలు, విద్య లేకపోయినా పూజ్యత ఆశించే అలవాటు, ఉపాధ్యాయుడు నిద్రించే బడిలో వృథాగా కరిగిపోయే బాల్యం - ఇవన్నీ రచయిత ప్రత్యక్షంగా ఎరిగినవే. గణపతి పుట్టిన సమాజం రచయితది కూడా. బడిపంతులు వృత్తి కూడా రచయితదే. పరులను ఎగతాళి చేయడం సులభం. తన వర్గాన్ని, తన వృత్తిని నవ్వుల పాలు చేయడానికి నిబ్బరం కావాలి. ఆకాశవాణి ఈ నవలను నాటకరూపంలో ప్రసారం చేసినప్పుడు నవల చదవనివారికి కూడా గణపతి చిరపరిచితుడయ్యాడు.

రాజకీయాలలో ఆయన స్వరం మరొక విధమైనది. 1905లో బ్రిటిషు ప్రభుత్వం వంగదేశాన్ని విభజించడంతో వందేమాతరం ఉద్యమం ఆరంభమైంది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో పర్యటిస్తూ రాజమండ్రిలో ఉపన్యాసాలిచ్చారు. పాల్ ఆంగ్లోపన్యాసాలను తెలుగువారికి అందించిన బాధ్యత లక్ష్మీనరసింహంగారిది. ఆంగ్లం తెలియని జనానికి ఆ ఆవేశం ఆయన గొంతు ద్వారానే చేరింది. ఆ రోజుల్లో ఆయన చెప్పిన ఒక పద్యం ఊరూరా పాకిపోయింది. దేశాన్ని మంచి పాడి ఆవుతోను, ప్రజలను ఆకలితో విలపించే లేగదూడలతోను, పరపాలకులను దూడల మూతులు బిగించి పాలు పిండుకొనే గడుసరులతోను పోల్చిన పద్యమది. పన్నులు, ఎగుమతులు, దోపిడీ అన్న అర్థశాస్త్ర విషయాన్ని పశువుల కొట్టం ఎరిగిన ప్రతి రైతుకు అర్థమయ్యేటట్లు నాలుగు పాదాలలో చెప్పగలగడం అసామాన్యమైన శక్తి. ఆ పోలికలో వ్యంగ్యం ఉంది. కాని చదివినవాడికి నవ్వు రాదు, కడుపు మండుతుంది.

అటువంటి మాటకు ఆనాడు మూల్యం తప్పదు. బిపిన్ చంద్రపాల్ పర్యటన వేడిలో రాజమండ్రిలోని శిక్షణ కళాశాల విద్యార్థులు వందేమాతరం నినాదాలతో ముందుకు వచ్చారు. ఆ కారణంగా గాడిచర్ల హరిసర్వోత్తమరావు కళాశాలనుండి బహిష్కృతులయ్యారు. మరుసటి సంవత్సరం స్వరాజ్య పత్రికలోని వ్యాసానికి ఆయన కారాగారవాసం అనుభవించారు. 1910 నాటి పత్రికాశాసనం పత్రికలనుండి ధరావతు కోరే అధికారాన్ని ప్రభుత్వానికి కట్టబెట్టింది. ఇటువంటి కాలంలో లక్ష్మీనరసింహంగారు మనోరమ, దేశమాత పత్రికలను నడిపారు. చూపు లేనివాడు పత్రిక నడపడమంటే వచ్చిన వ్యాసాలు, అచ్చుచిత్తులు, జమాఖర్చులు సమస్తం పరుల కళ్లతో చూడడమే. అయినా ఆయన వెనుకంజ వేయలేదు.

మతవిషయంలో ఆయనది సమన్వయదృష్టి. రామాయణ భారత కథలను నాటకాలుగా వ్రాసిన కవి ఆయనే. బ్రహ్మసమాజ సంస్థాపకుడు రాజా రామమోహనరాయలను ఆరాధించినవాడూ ఆయనే. పురాణకథలోని ధర్మాన్ని గ్రహించి, పురాణం పేరుతో సాగే అన్యాయాన్ని త్రోసిపుచ్చారు. ఈ భావం మాటల్లోనే నిలిచిపోలేదు. 1909లో ఆయన రాజమండ్రిలో రామమోహనరాయలవారి పేరుతో ఒక పాఠశాలను స్థాపించారు. అది అస్పృశ్యులని సంఘం దూరంగా ఉంచిన కులాల పిల్లల కోసం నెలకొల్పిన బడి. గాంధీమహాత్ముడు హరిజనోద్యమాన్ని దేశమంతటా నడిపించడానికి అది రెండు దశాబ్దాల ముందుమాట. అగ్రవర్ణంలో పుట్టినవాడు ఆ పిల్లలను చేరదీస్తే బంధువులు దూరం కావడం, ఊరు వేలెత్తి చూపడం ఆనాడు మామూలు సంగతి. అటువంటి బడికి చోటు దొరకడం ఒక కష్టం, పంతుళ్లు దొరకడం మరొక కష్టం, కూలికి పోవలసిన పిల్లలను పలక ముందు కూర్చోబెట్టడం అన్నింటికంటె పెద్ద కష్టం. ఆయన సంపన్నులు కారు. అయినా ఆ పాఠశాలను సుమారు పదమూడేళ్లు నిర్వహించారు.

గణపతి నవలను ఈ పాఠశాల చరిత్రతో కలిపి చదివినప్పుడు రచయిత అంతరంగం స్పష్టమవుతుంది. నవలలో చదువుకొనే అవకాశం ఉండి కూడా దానిని నిద్రతో పోగొట్టిన పంతులు ఉన్నాడు. రాజమండ్రిలో చదువుకొనే హక్కే లేదని లోకం నిర్ణయించిన పిల్లలు ఉన్నారు. మొదటివానిని ఆయన నవ్వుతో శిక్షించారు. రెండవవారి కోసం బడి తెరిచారు. తనకు అక్షరాలు కనపడని కష్టాన్ని బాల్యం నుండి అనుభవించినవాడు, కళ్లుండి కూడా అక్షరాలకు దూరమైనవారి కష్టాన్ని గుర్తించడంలో ఆశ్చర్యం లేదు.

వార్ధక్యంలో కూడా ఆయన రచన ఆగలేదు. భాసుని సంస్కృత నాటకాలను తెనిగించారు. మహాపురుషుల జీవితచరిత్రలు వ్రాశారు. చివరకు తన స్వీయచరిత్రను చెప్పి వ్రాయించారు. అర్ధశతాబ్ది పైబడిన గోదావరి మండల చరిత్ర అందులో నిక్షిప్తమైంది. వీధిబడులు, నాటకసమాజాలు, సంస్కరణసభలు, పత్రికల కష్టనిష్ఠురాలు అన్నీ కేవలం స్మృతి బలంతో ఆయన పునర్నిర్మించారు. చరిత్రకారులు ఆ కాలపు ఆంధ్రజీవితాన్ని తెలుసుకోవడానికి ఆ గ్రంథాన్ని నేటికీ ఆశ్రయిస్తున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1943లో ఆయనకు కళాప్రపూర్ణ బిరుదు ప్రదానం చేసింది. కళాశాల చదువు అందని వ్యక్తికి విశ్వవిద్యాలయం చేసిన ఆ సత్కారం వల్ల బిరుదుకే వన్నె వచ్చింది. 1946 జూన్ 17వ తేదీన లక్ష్మీనరసింహంగారు కీర్తిశేషులయ్యారు. స్వాతంత్ర్యం సిద్ధించడానికి అప్పటికి పదునాలుగు నెలలు మాత్రమే మిగిలి ఉంది. దూడల మూతికి కట్టిన తాళ్లు తెగిపోయే దినాన్ని చూడడానికి ఆయన జీవించి లేరు.

లక్ష్మీనరసింహంగారి జీవితంలో హాస్యం, దేశభక్తి, దైవభక్తి, సంఘసేవ వేరువేరు గదులుగా లేవు. పకోడీని చూచి పద్యం చెప్పిన నోటితోనే ఆయన పరపాలనను ఎండగట్టారు. రాముని కథ వ్రాసిన మనిషే ఊరు వెలివేసిన పిల్లలకు బడి పెట్టారు. బలహీనుణ్ణి చూచి నవ్వడం అవివేకం, బలవంతుని దోషాన్ని చూచి నవ్వడం సాహసం, తన దోషాన్ని చూచి నవ్వడం సంస్కారం. మొదటిదానిని విడిచి తక్కిన రెండింటిని ఆచరించిన మహనీయుడు చిలకమర్తి. నవ్వు నాలుగు విధాల చేటన్న సామెతకు ఆయన జీవితం మంచి సవరణ. తగిన చోట, తగినవారి మీద ప్రయోగిస్తే నవ్వు మేలే చేస్తుంది. వెలుతురు కరవైన కళ్లతో ఆయన చూపిన దారి అది.